చలికి ఖాతా లేదు

పగలంతా విల్లాల మీద నా పని:
ఏసీ గొట్టాలకు గాజు ఉన్ని చుట్టుడు,
పైన వెండి రేకు, సందు లేకుండ టేపు.
"లోపలి గాలి బయటికి పోవద్దు, బయటిది లోపలికి రావద్దు"
ఫోర్మన్ శౌకీ రోజుకు పదిసార్లు అంటడు.

రాత్రి జహ్రా దాటి
ఇసుకల నిలబెట్టిన డబ్బకు చేరుత.
రేకు గోడ, రేకు కప్పు, తొమ్మిది మంచాలు,
తలుపు కింద నాలుగేళ్ల సందు.
జనవరిల ఆ సందుల నుంచి ఇగం వస్తది,
దానికి అకామా అక్కర్లేదు.
దుబ్బరాజం రెండు ప్యాంట్లు తొడుక్కొని పండుకుంటడు.
నేపాలోడు తిలక్ అంటడు:
"మా కొండల చలికి పొయ్యి తోడుంటది భాయ్,
ఈ చలికి ఎవ్వలు లేరు."

హీటర్ ఉన్నది, రెండు కడ్డీలది.
రెండూ వేస్తే డబ్బంత చీకటి.
ఒకటి వేస్తే ఒక్కని మోకాళ్లకే సాలుతది.
వంతులు రాసి గోడకు అంటించినం.
నాది రాత్రి రెండుంబావు.

సాయం అడగ తిరిగిన.
"నలభై రోజుల చలికి కంపిని గోడలు కడ్తదా?"
క్యాంప్ బాస్ సుకుమారన్.
అర్జీ టైపు కొట్టినోనికి దీనారున్నర,
ఆ పైసలకు సగం కంబళి వచ్చేది.
కాయితం లోపలికి పోయింది, మల్ల బయటికి రాలే.

శుక్రారం మనోళ్ల సంఘానికి పోయిన.
చాయ్ పోసిండ్రు. పేరు రాసుకున్నరు.
సెక్రటరీ లెక్కల బుక్కు తిప్పి చూపెట్టిండు:
టికెట్టుకు ఉన్నది, దవాఖానకు ఉన్నది,
పెట్టెల పంపేటందుకు ఉన్నది.
"చలికి ఖాతా లేదు తమ్మీ."
నిజంగనే బాధపడ్డడు.
ఆ పెట్టెకు మాత్రం గాలి చొరదని
బస్సెక్కినంక అనుకున్న.

మా డబ్బల చీటీ ఉన్నది,
తలా ఐదు దీనార్లు.
ఆ నెల మల్కయ్య ఎత్తుకోవాలె,
ఊర్లె బోరు ఎండింది.
పాటనాడు అందరం నేల చూస్తున్నం.
ఆయననే అన్నడు: "డబ్బకే పాడుండ్రి,
బోరు ఇంకో నెల ఆగుతది."
అట్ల చీటీని ఒక గోడ ఎత్తుకున్నది.

థర్మోకోల్ అట్టలు, తలుపుకు రబ్బరు,
సిలికాన్ రెండు గొట్టాలు.
పైసలు అయిపోయినయి, కప్పు మిగిలింది.

సైట్ల మిగిలిన ఉన్ని ముక్కలు,
జానెడు, మూరెడు, చెత్తల పోయేటివి.
చెత్త కూడ కంపినిదే.
శౌకీని అడిగిన.
ముక్కలు లెక్కపెట్టిండు. మల్ల లెక్కపెట్టిండు.
ఆకాశం దిక్కు తిరిగి సిగరెట్టు ముట్టించిండు.
ఒక్క సిగరెట్టు అంతసేపు కాలుతదని
నాకు తెల్వకుండె.

రెండు శుక్రారాలు పట్టింది.
చేతులంత దురద, ఎప్పటి దురదనే,
కాని ఈసారి గీక్కుంట నవ్వుకున్న.

ఆ రాత్రి ఒక్క కడ్డీ.
వంతుల కాయితం గోడకే ఉన్నది, ఎవ్వలు లేవలే.
రెండుంబావుకు అలవాటుగ నాకు మెలకువ.
తలుపు కింద ఈల లేదు.
తొమ్మిది మంది ఊపిరి మా మీదనే తిరుగుతున్నది.
దుబ్బరాజం ప్యాంటొకటి మంచం కింద పడి ఉన్నది.

మల్కయ్య మేలుకొనే ఉన్నడు.
"ఎండకాలం గూడ పనిచేస్తదా ఇది?"
"చేస్తది."
"ఎన్నేండ్లు?"
"పాతికేండ్లు గ్యారంటీ" అన్న,
రోల్ మీద రాసున్నట్టు.
కప్పు దిక్కు చాన సేపు చూసిండు.
"నా అకామా మార్చి దాకనే" అని
కంబళి తీసి తిలక్ కాళ్ల మీద కప్పిండు.