చెక్ ట్రే

ఏరేటర్లు తిరుగుతున్నంతసేపే నాకు నిద్ర.
ఆగాయంటే మెలకువ.
లుంగీ బిగించుకునేలోపే జనరేటర్ దగ్గరుంటాను.
ఆరింటికి మొదటి మేత, పదింటికి రెండోది.
మధ్యలో ఎక్కడా
ఇడ్లీకి చోటు లేదు.

అందుకని భీమవరంలో, ఉండి రోడ్డు సూపర్‌బజారులో,
కౌంటర్ పక్కన డబ్బాలో పోసిపెట్టినవి
నాలుగు ప్రొటీన్ బార్లు కొన్నాను.
కంపెనీవైతే నూటఇరవై. ఇవి ముప్పైతొమ్మిది.
కొట్టువాళ్ల సొంత సరుకు.
కందిపప్పు మీద, ఫినాయిల్ సీసా మీద ఉన్న పేరే
దీని మీదా ఉంది, అదే నీలం రంగులో.
"బాగుంటాయా అమ్మా?" అంటే
బిల్లు కొట్టే రాణీమేరీ తలెత్తకుండా
"వెనక్కైతే ఎవరూ తేలేదండి" అంది.

సోమవారం చాక్లెట్‌ది.
గట్టు మీద నడుస్తూ కొరికాను.
ముందు పళ్లు ఆగాయి, తర్వాత నేను ఆగాను.
పట్టుబడి అయ్యాక చెరువు అడుగున
కాలు దిగబడిపోయే బాడవ మట్టిలా
దవడ దిగబడింది.

రెండోది వేరుశెనగ.
చొక్కా జేబులో పెట్టి మర్చిపోయాను,
ఎండెక్కాక తీస్తే కాగితాన్ని వదలనంది.
పళ్లతో గీకి తిన్నాను.
నిజం చెప్పొద్దూ, బాగుంది.
తీర్థంలో కొనుక్కున్న జీడి రుచి
ఎక్కడో దూరంగా తగిలి పోయింది.

మూడోదాంట్లో ఓ ముక్క గట్టుమీది కుక్కకి వేశాను.
అది వాసన చూసి, నా మొహం చూసి,
మళ్లీ వాసన చూసి
నా మీద జాలి కొద్దీ తింది.

ఆ రోజే కాగితం వెనక సన్నక్షరాలు
ఫోను లైటు వేసి చదివాను.
నలభై గ్రాముల బారు, ప్రొటీన్ పది.
పక్కనే మేత బస్తా.
దాని మీదా ప్రొటీనే, ముప్పైఆరు శాతం.
వేళ్ల మీద లెక్క కట్టాను. నాది పాతిక.
రాజుగారి రొయ్య
నాకంటే పదకొండు మెట్లు పైన కూర్చుని తింటోంది.
కోపం రాలేదు.
దానికి వంద రోజుల గడువు, ముప్పై కౌంటుకి రావాలి.
నాకు ముప్పైఏడేళ్లు,
ఏ కౌంటుకీ రానక్కర్లేదు.

మేత చల్లిన రెండు గంటలకి చెక్ ట్రే పైకెత్తుతాం.
ఖాళీగా ఉందా, రొయ్య బాగున్నట్టు.
మేత మిగిలిందా, ఏదో తేడా.
నీళ్లు ల్యాబుకి పంపు, మేత తగ్గించు,
రాజుగారికి ఫోను చెయ్యి.

వీరవేణి రోజూ బాక్సు కడుతుంది.
దిబ్బరొట్టి, చిన్న సీసాలో తేటపానకం.
కూర్చుని, తుంచుకుని, ముంచుకుని తినాల్సింది.
తుంచాల్సింది ఈ చేతులతో కదా.
మేత వాసన సబ్బుకి లొంగదు,
నిమ్మచెక్కకీ లొంగదు.
రొట్టి నోటి దాకా రాకముందే
చెరువు వచ్చేస్తుంది.
నేను డబ్బులిచ్చింది ఆ బారుకి కాదేమో,
కాగితం పట్టుకుని, వేలు తగలకుండా
తినొచ్చు కదా అని.
ఈ మాట ఆమెతో అనలేదు.
రొట్టి సంగతి కాదు నాయనా ఇది అంటే
ఎవరు నమ్ముతారు?

బుధవారం రాత్రి ఆమె బాక్సు మూత తీసి
ట్యూబ్‌లైటు కిందకి వంచి చూసింది.
మూడు రోజులుగా అలాగే వస్తోంది.
ఏమీ అడగలేదు.
నా కుడిచెయ్యి తీసుకుని
ఓసారి వాసన చూసి వదిలేసింది.

తెల్లారి బాక్సు లేదు.
వాడ్చిన అరిటాకులో పొడుగ్గా చుట్టిన రొట్టి,
మధ్యలో పానకానికి బదులు బెల్లం కోరు.
ఒక పక్క ఆకు విప్పుకుంటూ కొరుక్కోవచ్చు,
రెండో పక్క పట్టుకోవచ్చు.
గట్టు మీద నడుస్తూనే తిన్నాను.
కుక్కకి పెట్టలేదు.

నాలుగో బారు ఏమైందని సాయంత్రం వెతికితే
ఉత్త కాగితం దొరికింది,
పొయ్యి గట్టు మీద, నాలుగు మడతలు పెట్టి.
"పళ్లకి పట్టేస్తోంది గానీ
పర్లేదు" అంది వీరవేణి,
ఇంకా నాలుకతో దవడపన్ను వెతుక్కుంటూ.
"వేరుశెనగది దొరికితే తీసుకురా."