మూడో పన్ను

గుజరాతీపేట సందులో మా ఫ్యాన్సీ కొట్టు.
గల్లాపెట్టెకి ఎడం పక్కన
రెండు ఇనుప చెవుల మధ్య
అడ్డంగా పడుకుని ఉంటుంది కాగితం చుట్ట.
చెవులు వెల్డింగ్ దాలయ్య అతికినవి.
ఇరుసు ఏదో పాత సైకిలుది.
కింద చెక్క అంచున రంపపు పళ్ల పట్టీ.
లాగితే చుట్ట గొణుగుతూ తిరుగుతుంది,
ఆపి, కిందికి వంచితే
చర్రున తెగుతుంది.

పదకొండేళ్లుగా ఆ చర్రే నా జీతం.

భయపడుతూ లాగితే మధ్యకి చిరుగుతుంది.
కోపంగా లాగితే చుట్ట ఆగదు,
మూరలు మూరలు నేలమీద పడుతుంది.
"కాయితమే అది చామంతీ, పేగులు కాదు!"
అని అరిచేవారు గున్నయ్య శెట్టి గారు.
ఎడమ అరచెయ్యి చుట్ట మీద
జ్వరం చూసినట్టు ఆనించాలి.
కుడిచేత్తో మూల నుంచి మొదలెట్టాలి.
ఇది ఎవరూ చెప్పలేదు, చెయ్యే కనిపెట్టింది.

పళ్లల్లో మూడోది లేదు.
నేను పన్లో చేరకముందే ఊడిందట.
అక్కడ మాత్రం కాగితం తెగక
వరిగింజంత నాలుక బయటికి మిగులుతుంది.
"ఆ పన్నొకటి కట్టించండి" అన్నానొకసారి.
నోట్లు లెక్కెడుతున్న శెట్టి గారు ఉలిక్కిపడి
"ఏ పన్నే? ఎవులొచ్చినారే?" అన్నారు.
బేరాల్లేని మధ్యాహ్నాలు
ఇప్పటికీ ఆ మాటతోనే గడుస్తాయి మాకు.

ఎన్ని చుట్టాను!
గోడ గడియారాలు, స్టీలు క్యారేజీలు,
ఇంటరు పిల్ల చిల్లరంతా పోసి కొన్న మగాళ్ల పర్సు,
రిటైరైన డ్రాయింగు మేష్టారికి
తోటి మేష్టర్లు చందాలేసుకున్న శాలువా.
ఫుట్‌బాల్‌ని చుట్టడమంటే
పోలీసుని నవ్వించడమే,
ఒక పక్క ఒప్పుకుంటే ఇంకో పక్క ముడుచుకుంటుంది.
ఒకాయన ఖాళీ పెట్టె తెచ్చాడు.
లోపలేటని అడగలేదు, అడిగే అలవాటు మాకు లేదు.
ఇంకో పట్టీ వెయ్యమ్మా, ఇంకోటి వెయ్యమ్మా, అంటూనే ఉన్నాడు.
ఏ డిన్నర్ సెట్టుకీ అంత టేపు పట్టలేదు.

ఉద్దానం మీద తుఫాను విరుచుకుపడ్డ వారం
పెళ్లిళ్లు ఆగిపోయాయి, పుట్టినరోజులు మూగబోయాయి.
శెట్టి గారు గోడౌను తాళం తీసి
కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కట్లు
మనిషికొక పొట్లం కట్టమన్నారు.
కొట్లో వేరే కాగితం లేదు.
కొబ్బరిచెట్లన్నీ పడుకున్న ఊళ్లకి
వెండి చుక్కల కాగితంలో వెళ్లాయి కొవ్వొత్తులు.
రాత్రి రెండింటిదాకా చర్రు, చర్రు,
బొటనవేలు బొబ్బకట్టింది.

మొన్న పెద్దాసుపత్రిలో
మా అత్త పక్క మంచం ముసలమ్మది కంచిలి వైపు.
మందుల చీటీల కోసం సంచి తెరిచి
ఒక మడత విప్పింది.
వెండి చుక్కలు.
మడతలున్నచోట రాలిపోయి తెల్లబడ్డాయి.
అంచు తడిమాను,
ఒకటి, రెండు,
మూడోచోట వేలికి తగిలింది వరిగింజ.

"ఎక్కడిదమ్మా ఇది?"
"తుపానప్పుడిచ్చినారమ్మా. కొవ్వొత్తులు కాలిపోనాయి.
కాయితం పారెయ్యబుద్ది కానేదు."

నేను చించిందేనని చెప్పలేదు.
నర్సు పిలిస్తే లేచి వెళ్లాను.

సోమవారం విశాఖ నుంచి కొత్త మిషను వచ్చింది.
ప్లాస్టిక్‌ది. బ్లేడు పట్టాలమీద జారుతుంది,
చప్పుడు లేదు.
అంచు నున్నగా వస్తుంది,
ఏ కొట్టుదో, ఏ చేతిదో తెలీనంత నున్నగా.
పాత సామానువాడు త్రాసుతో గుమ్మంలో నిలబడ్డాడు.
మూడుంపావు కిలోలు.
ఆ డబ్బు జీతంలో కోసుకోండి, నాకిచ్చెయ్యండన్నాను.

శెట్టి గారు కళ్లజోడు పైనుంచి కాసేపు చూసి
"పట్టుకుపో గుంటా" అన్నారు,
"దీనిమీద పన్నేటీ నేదులే."

ఒకటే లేదు.
మిగతావన్నీ ఉన్నాయి.