చుక్క

మా గానుగకు ఇంటర్నెట్ల ఓ జాగ ఉన్నది.
నా తమ్ముని కొడుకు కురుమూర్తి చేసిచ్చిండు,
వనపర్తి పాలిటెక్నిక్ల సదువుతడు.
"అత్తా, ఐదువేలు కడితే ఊరూరా కనబడ్తది" అన్నడు.
ఐదువేలంటే రెండు బస్తాల పల్లికాయ.
కట్టలే.

కిరాణం చిట్టీల ఎనక రాసిన.
నూనె సీసలకు చీటీలు అంటిచ్చిన.
ఆటో ఎనక మన్నెమయ్య పెయింటుతోని రాసిండు,
నాకున్న బాకీ కింద.
నడిమిట్ల చుక్క మర్శిండు.
చుక్క లేకుంటే తెరుసుకోదంట!
నుదుట బొట్టు దిద్దినట్టు
బిడ్డ గోర్లరంగు తీస్కపోయి నేనే పెట్టిన.

మూడు నెలలు.
ఆరుగురు సూసిన్రన్నడు కురుమూర్తి.
అండ్ల నలుగురం ఇంటోళ్ళమే.

మొన్న పెబ్బేరు సంత కాడ బస్సెక్కితే
ఎవరో ముసలామె
నా నూనె సీసల నీళ్ళు తాగుతున్నది.
మూత కాడ జిడ్డు ఇంకా పోలే,
చీటీ సగం చినిగింది.
పక్కసీటు పోరి ఫోను తీసి
దాన్ని సూసుకుంట ఒక్కో అచ్చరం కొట్టింది,
చుక్క కాడ ఆగింది.

పెట్టు బిడ్డా, పెట్టు.
నోరు తెరిచి అనలే.

అంతల సిగ్నల్ పోయింది.
నా స్టేజీ వచ్చింది, దిగిన.
సీస మటుకు
కొత్తకోట దిక్కు పోయింది.