ఎంగిలి చేసిన చేయి

బహిర్‌దార్‌లో యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా
నా కొట్టు: రెండు బల్లలు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు.
పేజీకి మూడు బిర్లు. అట్ట వేస్తే ఇంకో ఇరవై.
కరెంటు ఉంటే.

గెబెయెహు అనే కుర్రాడు వానలో తడిసి వచ్చి
చొక్కా లోపల్నుంచి పెన్ డ్రైవ్ తీశాడు
పొదిగే కోడి కింద గుడ్డు తీసినట్టు.
తానా సరస్సు చేపల మీద రెండేళ్ళ పని.
తెరిస్తే ఫోల్డర్లున్నాయి, పేర్లున్నాయి,
ఒక్కోదాని మూలన చిన్న వంకర బాణం.
ఒక్కోటి కిలోబైటు.
"అక్కా, రెండేళ్ళూ కిలోబైటేనా?"

డ్రైవ్ మాత్రం నిండుగానే ఉన్నానంటోంది.
"ఏడవకు. పురుగు తినలేదు, దాచింది," అన్నాను.
నల్ల తెర మీద ఒక్క వరుస కొట్టాను:
ముసుగులన్నీ తియ్యి, అడుగుదాకా.
చేపలు ఒకటొకటే పైకి తేలాయి.
బాణాలు చెరిపాను. వాటి వెనక నక్కిన
నోరు తిరగని పేరున్న ఫైలునూ చెరిపాను.
శుభ్రం అన్నాను, కాస్త గొప్పగానే.
ప్రింటు తీద్దామని డ్రైవ్ పీకి మళ్ళీ గుచ్చాను.

బాణాలు.

మళ్ళీ కడిగాను. మళ్ళీ బాణాలు.
మూడోసారికి నాకంటే ముందు నా వేళ్ళకి తెలిసింది.
అది వాడి జేబులో వచ్చింది కాదు.
నా బల్ల మీదే కాపురముంది.

ఏ రోజు దిగిందో. ఏదో ఒక బాణాన్ని
నేనే రెండుసార్లు నొక్కి ఉంటాను.
ఫోల్డరు బుద్ధిగా తెరుచుకునే ఉంటుంది.
అదే దాని తెలివి, అడిగింది ఇస్తుంది,
ఇస్తూ ఇస్తూ తానూ గడప దాటుతుంది.
ఆపైన ఎవరి డ్రైవ్ గుచ్చినా
వాళ్ళ వెంట వాళ్ళింటికి.
ఒకే చెంచాతో ఊరందరి నోట్లో పెట్టాను.
పెట్టినందుకు పేజీకి మూడు బిర్లు తీసుకున్నాను.

షట్టరు సగం దించాను. నెట్ తీగ పీకాను.
నడుస్తున్న పనుల్లో దాన్ని వెతికి ఆపాను,
మిషను లేవగానే తానూ లేవాలని
అది రాసిపెట్టుకున్న వరుసని కొట్టేశాను,
దాని సొంత కాపీని గోతిలోంచి తవ్వి తీశాను,
ఏది గుచ్చినా దానంతటదే తెరిచే
మిషను మొహమాటాన్ని మాన్పించాను.
పడుకోబెట్టి లేపాను.
కాఫీ మూడో వాయి పలచబడేదాకా చూస్తూ కూర్చున్నాను.
రాలేదు.

అప్పుడు పద్దు పుస్తకం తెరిచాను.
రెండు నెలలు. నూట నలభై ఒక్క పేర్లు.

మర్నాడు పగుమె మూడు.
ఏడాది చివర మిగిలే ఆ బుల్లి నెలలో
ఆ రోజు పడే వాన పవిత్రమంటారు.
పిల్లలు బట్టలిప్పేసి వీధుల్లో కేకలు.
నేను గొడుగేసుకుని
రాత తాళమున్న డ్రైవ్ ఒకటి సంచీలో వేసుకుని
చెప్పడానికి బయల్దేరాను, నా వల్లే అని.

క్లినిక్‌లో నర్సు ఎనత్‌నేష్ నవ్వలేదు.
టీకాల పట్టిక ఎదురుగా ఆమె పక్కన కూర్చుని
ఆమె చేతే ముసుగులు తీయించాను.
పడవ నడిపే దెస్సాలె, కూతురి పెళ్ళి ఫొటోలు పోయాయని
నెల్లాళ్ళుగా పెళ్ళాంతో మాటల్లేవట.
ఫొటోలు బయటపడ్డాక నన్ను తిట్టడం మొదలెట్టి
మధ్యలో ఆపి ఆమెను పిలిచాడు.
చర్చి గురువు యిల్మా మాత్రం
"తెలియక చేసినదే కదా, వెయ్‌నిషెత్," అన్నాడు.
తెలియకపోవడానికి కూడా నేను డబ్బులు తీసుకున్నానయ్యా.

నూట నలభై పేర్ల మీద గీత పడడానికి
కొత్త సంవత్సరం వచ్చి మూడు వారాలు గడిచింది.

మిగిలింది ఒకటి. పేరు అడగలేదు నేను, తొందరలో.
నా రాతే: "ఎర్ర గొడుగు పిల్ల, పన్నెండు పేజీలు,
గోండర్ బస్సుకి టైమైంది,
చిల్లర నాలుగు బిర్లు బాకీ."