హుక్కులు, కాజాలు

దేవరకొండ గురుకులంలో పొద్దటి నుంచి కరెంటు లేదు.
ప్రొజెక్టరు తెల్లమొహం వేసింది.
బోర్డు మీద మెలి తిరిగిన నిచ్చెన గీస్తుంటే
సుద్దముక్క పుటుక్కున విరిగింది.

కేతావత్ సోని లేచింది.
వాళ్లమ్మ తండాలో జాకెట్లు కుడుతది.
సంచిలోంచి తీసింది, ఇంకా ఏ ఒంటికీ ఎక్కని జాకెట్టు:
ఇటు హుక్కులు, అటు కాజాలు.
"గిట్లనా మేడం?"

గిట్లనే బిడ్డా.
అడెనిన్ థైమిన్‌ను రెండు హుక్కులతో పట్టుకుంటది,
గ్వానిన్ సైటోసిన్‌ను మూడింటితో.
పెద్దదానికి ఎప్పుడూ చిన్నదే జత.
రెండు పెద్దవి ఎదురైతే ఇరుకు,
రెండు చిన్నవైతే చేతులందవు.
అందుకే ఈ నిచ్చెనకు నడుము లేదు, పొట్ట లేదు,
పై మెట్టు ఎంతో కింది మెట్టూ అంతే.

ఇంకో సంగతి, పోగులు రెండూ ఒక్క దిక్కు నడవవు.
మల్లేపల్లి దగ్గర పక్కపక్కనుంచి దాటుకునే
పట్నం పోయే బస్సు, పట్నం నుంచొచ్చే బస్సు.

"విప్పితే?" వెనక బెంచీలోంచి సైదమ్మ.

సోని ఒక్కొక్కటే విప్పింది.
కాజాల పట్టీ ఒక్కటే చేతిలో ఎత్తి పట్టుకోమన్నాను.
హుక్కులు ఎక్కడెక్కడ కుట్టాలో
ఈ సగం చెప్పదా?
ఆ సగమూ ఇట్లనే ఇంకో సగాన్ని పిలుచుకుంటది.
ఒక్కటి రెండయితది.
కణం చీలే ముందు జరిగేది ఈ కుట్టుపనే.

"ఎవరికి ఎవరని దానికెట్ల తెలుస్తది?"

తెలిసేదేం లేదు.
పట్టేది పట్టుకుంటది, పట్టనిది జారిపోతది.
అనేశాను గానీ, ఆ మాట
నాకే కాసేపు గొంతులో అడ్డం పడ్డది.

"తప్పు పడితే మా అమ్మ బ్లేడుతో కుట్టిప్పుతది."
కణంలోనూ ఉన్నరు బ్లేడు పట్టినోళ్లు.
అయినా కోట్ల కుట్లల్ల ఎక్కడో ఒకటి మిగులుతది.
ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి రోగం.
ఒక్కోసారి ఎవరి కంట్లోనో తేనెరంగు.

సాయంత్రం స్లిప్ టెస్టు పెట్టిన.
ఎ టి జి జి సి ఎ. రెండో పోగు రాయుము.
అందరూ రాసిన్రు: టి ఎ సి సి జి టి.
సోని ఒక్కతే అక్షరాలు రాయలేదు,
గీతలు గీసింది.
రెండు, రెండు, మూడు, మూడు, మూడు, రెండు.

రెండు గీతలు ఎవరు ఎవరో చెప్పవు,
ఇద్దరున్నారని మాత్రం చెప్తయి.

ఎర్రపెన్ను మూత తీసి కూసున్న.
అప్పుడొచ్చింది కరెంటు.