కాలవలో ఉన్న నీళ్లు

తాడిపత్రి సబ్‌రిజిస్ట్రారాఫీసు ముందర
నల్లబండ మీద కూచోని
ముప్పై ఎనిమిదేళ్లుగా హద్దులు రాస్తాండా.
ఆ పొద్దు గూడా సర్వర్ డౌన్.
తలుపుకు అతికించిన కాగితం పోయినేడుదే,
తేదీ ఒకటి కొట్టేసి కొట్టేసి రాస్తారు.

జనం గోడ నీడకి జరిగినారు.
ఒకామె జరగలేదు.
పేరు కుళ్లాయమ్మ, యాడికి పక్క పల్లె.
ఇంటిజాగాకి ఈసీ కావాలంట.
ఏం పని చేస్తావమ్మా అంటే
"సర్వర్ల పనే" అనింది.
బండ మీదున్నోళ్లమంతా నవ్వినాం. ఆమె గూడా.

"ఇది పడితే తప్పు నాది కాదు మామా"
అని ఫోన్లో ఒక దస్తావేజు తీసింది.
పేటెంటంట.
ఇంగ్లీషు నాకు చలానా కాడికే వచ్చు,
ఐనా ఆ కాగితం నడక తెలిసింది:
సదరు పెట్టె, సదరు తీగ,
సదరు పెట్టె లోపలి సదరు కార్డు.
అరవైయొక్క సదర్లు, ఆమె లెక్కబెట్టిందంట.
ఎవురో నా మాదిరోడే రాసినాడు.

"చెక్కుబంది ఏదమ్మా?" అంటి.
తూర్పున ఎవురి చేనూ లేదు, పడమర బండిబాట లేదు.
"ఒకటే పెట్టె మామా, నలభై మిషన్లు కాపురముంటాయి.
దేనికది పెట్టంతా నాదే అనుకుంటాది.
గట్లు కనపడవు."

కనపడని గట్లు నేనూ ఏసినా.
ఎనభై తొమ్మిదిలో, రాయలచెరువు దోవలో,
నలుగురు అన్నదమ్ములకు ఒకటే బావి.
కరెంటుండే ఆరు గంటలు
గంటన్నర లెక్కన నాలుగు వంతులు.
ఎవని వంతులో వానికి బావంతా వానిదే.
దినాలు రాసినా, మోటారు రిపేరు రాసినా,
నిధి నిక్షేప జల తరు పాషాణాలు రాసినా.
ఒకటి రాయలే.
మోటారాపినాక గూడా
అర ఫర్లాంగు కాలవలో నీళ్లుంటాయి గదా,
అవి ఎవురివి?

మూడోవాడు మడవ తిప్పినాడు.
రెండోవాడు పార ఎత్తినాడు.
కడప జైల్లో పదకొండేళ్లు.
కోర్టులో లాయరు నన్నడిగిందీ
ఆ ఒక్క ముక్కే.

ఆమె ఫోను పక్కన పెట్టింది.
"నేను కనిపెట్టింది అదే మామా," మెల్లగా అనింది.
"వంతులు గాదు, అవి ఎవురో ఎప్పుడో చేసినారు.
మిషన్ నడస్తాండంగానే
ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారుస్తాం.
దానికోసమని అప్పటికే బయల్దేరినవి
దోవలో ఉంటాయి.
పాత మడి కాడికి పోయి బిత్తరపోతాయి.
నా కార్డు వాటిని ఆపి
మడి యాడికి పోయిందో చెప్పి పంపిస్తాది.
చుక్క పోదు."

"రెండోవాని నీళ్లు రెండోవానికేనా?"
"మడి మారినా."

బండల మిల్లు దుమ్ములో వేలితో గీసింది,
రెండు గళ్లు, నడమ ఒక వంకర గీత.
ఆ వంకర గీతే కష్టమంట. మూడేళ్లు పట్టిందంట.

"ఎవురి పేర రిజిస్టరాయె?"
"కంపెనీ పేర. కనిపెట్టినోళ్లలో నాది మూడో పేరు.
ఇంటిపేరు తప్పు పడింది."
సవరణ దస్తావేజు రాసుకోవచ్చు గదమ్మా
అంటి, అలవాటు కొద్దీ.
"ఎన్నేండ్లు చెల్లుతాది?"
"ఇరవై. ఏడు అయిపోయినాయి."

నేను ఆచంద్రార్కం అని రాసేవాన్ని.
సూర్యచంద్రులున్నంత కాలం అని రాసిన బావి
తొంభై ఎనిమిదిలో ఎండిపోయె.

నాలుగున్నరకి లోపల్నుంచి కేక,
వచ్చింది, వచ్చిందని.
ఆమె కాగితం తీసుకోని బస్సుకి ఉరికింది.
దుమ్ములో గీత మీద ఎవురో చెప్పులిడిచినారు.

రాత్రి ట్రంకుపెట్టెలోంచి
ఎనభై తొమ్మిది ముసాయిదా తీసి
మార్జిన్లో రాసినా:
సదరు మోటారు నిలిపిన పిమ్మట
కాలవలో ఉన్న నీరు
ఎవరి వంతున తోడబడినదో వారికే చెందవలెను.

చెల్లదు. స్టాంపు లేదు, నలుగురిలో ఇద్దరు లేరు.
ఐనా సాక్షి అని రాసి
కింద కుళ్లాయమ్మ అని రాసి
ముందర ఇంటిపేరు రాయబోయి
అడగలేదే అని
కలం అట్లే పట్టుకోనుండా.