రెండు ఈనెల నడుమ

అక్టోబరు చివర, ఇద్రియాలో,
ఆకుల సంచీతో వింకో ఇంటి తలుపు తడతాను.
నాకు భూతద్దం ఉంది.
ఆయనకి పాదరసం గనిలో
ముప్పైయొక్క ఏళ్ల చీకటి ఉంది.

బల్ల మీద రెండు బీచ్ ఆకులు పరుస్తాను.
పైపొరకీ కింది పొరకీ మధ్య,
గోరు తగిలితే చిరిగే మందంలో,
ఒక్కో ఆకులో ఒక్కో పురుగు తవ్వుకుపోయిన సొరంగం.
తవ్విన వాళ్లు లేరు. మట్టిలో గూడు కట్టుకున్నారు.
వసంతానికి రెక్కలొస్తాయి:
నువ్వుగింజంత ఒళ్లు, అడ్డంగా వెండి పట్టీ.
పక్కపక్కన వాలితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.
శాస్త్రం పిలిచేటప్పుడు ఇంటిపేరే ముందు,
అది ఇద్దరిదీ ఒకటే.

"ఏది ఎవరిది?" అంటాను.

వింకో ఒక ఆకెత్తి కిటికీ వైపు పడతాడు.
ఆకు వణుకుతుంది. గదిలో గాలి లేదు.
చురుకైనవాణ్ణి పాదరసం అంటారు కొన్ని భాషల్లో.
ఈ ఊళ్లో ఎవరూ అనరు.

"అద్దానికి అంటించు."
తడిచేసి అంటిస్తాను.
ఆకు నిలుస్తుంది, లోపలికి వెలుతురు దిగుతుంది.

"వీడు రెండు ఈనెల మధ్యే తిరిగాడు చూడు,
ఇటు తగిలి అటు, అటు తగిలి ఇటు,
మా మిలోజ్కా లేసు అల్లినట్టు.
రాయితో పేచీ పెట్టుకోనివాడు.
మా అన్న ఇలాగే తవ్వేవాడు."

"రెండోది?"

"ఈనె దాటాడు. ఇక్కడ. మళ్లీ ఇక్కడ.
కొత్తలో నేనూ అంతే,
మేస్త్రీ చేత తిట్లు తిన్నాను."
నవ్వుతాడు. దగ్గు వస్తుంది.
సొరంగాల చివర సన్నని చీలికలు చూపిస్తాడు:
"పైకొచ్చారుగా ఇద్దరూ. నువ్వు పేర్లు రాసుకో."

రాసుకుంటాను. రెండు జాతులు, రెండు వరసలు.

సంచీ అడుగున మూడో ఆకు మిగిలింది.
అద్దం మీద అంటించాక ఆయనేమీ మాట్లాడలేదు.
సొరంగం మొదలైంది, వేలి కణుపంత కూడా సాగలేదు.
చివర చీలిక లేదు, ఒక నల్ల చుక్క.
ఈనె దాటేవాడో, దాటనివాడో
చెప్పడానికి అంత దూరం రాలేదు.

"ఇది నీ పుస్తకంలో ఎక్కడ పెడతావు?"

పెన్ను మూత పెట్టాను.
టీ చల్లారింది.
ఆకంతా పసుపైపోయింది,
ఆ చుక్క చుట్టూ మాత్రం
ఇంకా కొంచెం పచ్చ.